పళ్ళపట్టాల మీద నీలగిరి యాత్ర

కోయంబత్తూరుకు ఉత్తరంగా సుమారు 35 కిలోమీటర్ల దూరంలో, భవానీ నది ఒడ్డున, నీలగిరుల పాదాల చెంత మెట్టుపాళయం అనే పట్టణమున్నది. సముద్రమట్టానికి 326 మీటర్ల ఎత్తున ఉన్న ఈ స్టేషను నుండి 2,203 మీటర్ల ఎత్తున ఉన్న ఉదకమండలానికి 46 కిలోమీటర్ల మీటర్‌గేజి రైలుమార్గం పోతున్నది. మన ఉద్యోగ మిత్రులలో చాలామంది ఎల్.టి.సి. మీద ఊటీ చూసివచ్చినవారే. అక్కడి పూలతోటలను, సరస్సును, తేయాకు కొండలను వర్ణించిన వ్యాసాలకు కొదువ లేదు. నేను వ్రాయబోయేది ఆ దారిలో రెండు పట్టాల నడుమ పరచియున్న ఉక్కు పళ్ళను గురించి. ప్రయాణికులలో వాటిని చూసేవారు తక్కువ. కాని నాలుగు వందలమంది కాకపోయినా, ఆ రైలెక్కిన ప్రతి ఒక్కరి ప్రాణం వాటి మీదనే ఆధారపడి ఉన్నది.

ఈ కొండకు రైలు వేయాలనే ప్రతిపాదన 1854లోనే వచ్చినది. అయితే నిటారైన కొండచరియలు, దట్టమైన అడవులు, వర్షాకాలపు విరిగిపాట్లు అడ్డుపడగా పని 1891లో గాని ప్రారంభం కాలేదు. 1899లో మెట్టుపాళయం నుండి కూనూరు వరకు బండి నడిచినది. 1908లో మార్గం ఉదకమండలం చేరినది. మొత్తం దారిలో 208 వంపులు, 16 సొరంగాలు, 250 వంతెనలు ఉన్నవి. 2005లో యునెస్కో దీనిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చినది.

2023 ఫిబ్రవరిలో నేను, నా శ్రీమతి, మా మేనల్లుడు కలిసి ఈ యాత్ర చేశాము. మేనల్లుడు మెకానికల్ ఇంజనీరు. బియ్యపు మిల్లులకు బకెట్ ఎలివేటర్లు తయారుచేసే చిన్న సంస్థలో డిజైను పని చూస్తున్నాడు. బకెట్ ఎలివేటరంటే, అంతులేని బెల్టుకు తొట్లు బిగించి ధాన్యాన్ని నేలమట్టం నుండి మేడ ఎత్తుకు తోడే యంత్రం. అతని మొదటి స్వతంత్ర డిజైను అప్పుడే ముగింపుకు వచ్చినది. ఎలివేటరు పైషాఫ్టును తిప్పే స్పర్ గేర్ల జతను కేటలాగు చూసి ఎంపిక చేసి, ఆ కాగితాన్ని నా చేత చూపించుకొనేందుకు సంచిలో పెట్టుకొని వచ్చాడు.

ముందు ఒకరోజు కోయంబత్తూరులో ఆగాము. 1932లో పైకారా జలవిద్యుత్తు అందిన తరువాత ఈ నగరంలో నూలుమిల్లులు విరివిగా వెలసినవి. వాటి వెంటనే వాటి యంత్రాలను, మోటార్లను, పంపులను తయారుచేసే పనివారు పెరిగారు. మేనల్లుని స్నేహితుడొకడు అక్కడి నూలుమిల్లులో పనిచేస్తున్నాడు. అతని వెంట లోపలికి వెళ్ళి రింగ్‌ఫ్రేమ్ కొసన ఉన్న తలుపు తెరిపించి చూశాము. లోపల చిన్నా పెద్దా పళ్ళచక్రాలు ఒకదానిలో ఒకటి ఇమిడి తిరుగుతున్నవి. వాటిలో ఒకటి చేంజ్ పినియను. నూలు ఎంత సన్నగా రావాలో ఈ పినియను పళ్ళ సంఖ్యను బట్టి నిర్ణయమవుతుంది. 40 పళ్ళ పినియను తీసి 41 పళ్ళది వేస్తే సాగదీత నిష్పత్తి రెండున్నర శాతం మారిపోతుంది. అందుకే అక్కడి ఫిట్టరు వద్ద ఒక్కొక్క పన్ను తేడాతో వరుసగా పినియన్లు మేకులకు వేలాడుతూ ఉంటవి.

"ఇక్కడ బలం సంగతి ఎవరూ పట్టించుకోరా మామయ్యా?" అని మేనల్లుడు అడిగాడు.

"పట్టించుకొంటారు. కాని ఇక్కడ ఆ పళ్ళు మోసే బరువు స్వల్పం. మిల్లు వారికి కావలసినది కచ్చితమైన నిష్పత్తి. పొరపాటు జరిగితే నూలు చెడుతుంది, మనిషికి ఏమీ కాదు. రేపు కొండమీద ఇదే పళ్ళచక్రం మరొక పని చేస్తూ కనబడుతుంది" అన్నాను.

మరునాడు ఉదయం 7 గంటలు దాటిన తరువాత మెట్టుపాళయంలో బండి కదిలినది. నీలం, తెలుపు రంగుల చెక్క పెట్టెలు నాలుగు. ఆవిరి ఇంజిను మాత్రం వెనుక ఉన్నది.

"ఇదేమిటండీ, ఎద్దులను బండి వెనుక కట్టినట్టు?" అని నా శ్రీమతి ఆశ్చర్యపోయినది.

ఆమె ప్రశ్న సరియైనదే. మైదానంలో ఇంజిను ముందుండి లాగుతుంది. కొండమీద పెట్టెల మధ్య కొక్కెము ఊడిందనుకోండి. ఇంజిను ముందుంటే వెనుక పెట్టెలు దిగువకు దొర్లిపోతవి. ఇంజిను కిందివైపున ఉంటే, ఊడిన పెట్టె వచ్చి ఇంజినుకే ఆనుకొంటుంది. అంతటితో వారు ఆగలేదు. ప్రతి పెట్టెకు విడిగా బ్రేకు, దానిని వేసేందుకు విడిగా ఒక బ్రేక్స్‌మన్ ఉన్నారు. పచ్చజెండా చేత పట్టుకొని పెట్టె ముందరి వసారాలో నిలబడి ఉన్న ఆ మనిషిని చూపి, "ఇంజిను ఏమైనా సరే, మన పెట్టెను ఆపే బాధ్యత ఆయనది" అని చెప్పాను. ఆమె కొంత స్థిమితపడి కిటికీ వైపు తిరిగినది.

బండి భవానీని దాటి, పోకతోటల నడుమ సమతలంగా ఏడెనిమిది కిలోమీటర్లు పోయి కల్లారు చేరుతుంది. కల్ అంటే రాయి, ఆరు అంటే ఏరు. మన భాషలో చెప్పాలంటే రాతియేరు. కొండ ఇక్కడి నుండే నిలువుగా లేస్తున్నది. బండి మెల్లగా, దాదాపు నడకవేగానికి వచ్చినది. అడుగున ఏదో ఇనుము ఇనుమును తడిమి పట్టుకొన్నట్లు ఒక కుదుపు, ఆ వెంటనే సన్నని గరగర. ఇంజిను పినియను, పట్టాల నడుమనున్న పళ్ళకడ్డీలో పడినదన్నమాట. మైదానంలో గంటకు 30 కిలోమీటర్లకు మించని ఈ బండి, పళ్ళకడ్డీ మీద 13 కిలోమీటర్లకు మించదు. కల్లారు నుండి కూనూరు వరకు సుమారు 19 కిలోమీటర్లు ఈ పళ్ళే దారి.

పళ్ళెందుకు? అక్కడి గరిష్ఠ వాలు 12కు 1. అంటే 12 మీటర్లు ముందుకు పోతే ఒక మీటరు పైకి ఎక్కాలి. ఇంజిను, పెట్టెలు కలిపి 96 టన్నులున్నవనుకుందాం. వాటిని వెనుకకు జారకుండా పట్టి ఉంచటానికే 8 టన్నుల బలం కావాలి. నున్నని ఉక్కుచక్రం నున్నని ఉక్కుపట్టా మీద పొడిగా ఉన్నప్పుడు తన మీది బరువులో నాలుగవవంతు దాకా పట్టు ఇవ్వగలదు. వాన కురిసి, ఆకులు రాలి, పట్టా తడిస్తే ఆ పట్టు పదవవంతుకు, ఒక్కొక్కప్పుడు ఇంకా తక్కువకు పడిపోతుంది. నీలగిరులలో వానకు, మంచుకు, ఆకుకు లోటు లేదు. కనుక ఎండ కాసిన రోజు పట్టును నమ్మి ఈ దారి వేయటం సాధ్యం కాలేదు. ఆ కొండకు తగిన లెక్క, అన్నిటికంటె చెడ్డరోజు లెక్క.

ఇక్కడ వాడినది స్విట్జర్లాండు ఇంజనీరు రోమన్ ఆబ్ట్ 1882లో పేటెంటు పొందిన పద్ధతి. ఆయన గురువువంటివాడైన రిగ్గెన్‌బాఖ్ 1871లో రిగి కొండ మీద నిచ్చెన ఆకారపు కడ్డీతో రైలు నడిపాడు. ఆబ్ట్ నిచ్చెనను విడిచి, పళ్ళు కోసిన చదునైన ఉక్కుకడ్డీలు రెండింటిని పక్కపక్కన నిలబెట్టాడు. నీలగిరి మార్గంలో ఈ రెండు కడ్డీల మధ్య ఎడం 44 మిల్లీమీటర్లు. పట్టాల మట్టానికి అవి 65 మిల్లీమీటర్ల ఎత్తున ఉంటవి. ఒక కడ్డీలో పన్ను ఉన్నచోట రెండవ కడ్డీలో సందు వచ్చేటట్లు వాటిని జరిపి అమర్చారు. ఒక జత పళ్ళు విడిపోయే వేళకు మరొక జత అప్పటికే బరువు అందుకొని ఉంటుంది. వంపులు తిరిగేటప్పుడు కూడ పినియను పట్టు తప్పదు.

కళాశాలలో మనం చదివిన స్పర్ గేరు ఇదే. షాఫ్టుకు సమాంతరంగా తిన్నని పళ్ళు కోసిన చక్రం స్పర్ గేరు. దాని వ్యాసాన్ని పెంచుకొంటూ అనంతమంత చేస్తే చక్రం సరళరేఖ అవుతుంది, అదే ర్యాక్. ఇంజినులో కూడ ఇటువంటి చక్రాలే ఉన్నవి. స్విట్జర్లాండులోని వింటర్‌తూర్‌లో తయారైన ఎక్స్ తరగతి ఇంజిన్లకు నాలుగు సిలిండర్లు. అధిక పీడనపు సిలిండర్లు రెండు పట్టాల మీది చక్రాలను తిప్పుతవి. వాటి నుండి వెలువడిన ఆవిరి అల్ప పీడనపు సిలిండర్లు రెండింటిలోకి పోయి, పళ్ళకడ్డీ మీది పినియన్లను తిప్పుతుంది. ఇటువంటి ఇంజిన్లను 2011 నుండి మన దేశంలోనే, తిరుచిరాపల్లి దగ్గరి పొన్మలై రైల్వే వర్క్‌షాపులో కొత్తగా నిర్మించారు. ప్రభుత్వరంగంలో పనిచేసే మనకు ఇది గర్వించదగిన విషయం.

బండి నీళ్ళకోసం హిల్‌గ్రోవ్‌లో ఆగినది. కోతులు పెట్టెల మీదికి వచ్చినవి. శ్రీమతి అరటిపండ్ల సంచిని ఒడిలో దాచుకొన్నది. మేనల్లుడు అదే అదను అని తన కాగితం తీశాడు.

మోటారు 5.5 కిలోవాట్లు. గేర్‌బాక్సు తరువాత పినియను నిమిషానికి 120 చుట్లు, పెద్దచక్రం 40 చుట్లు. పినియనుకు 20 పళ్ళు, చక్రానికి 60. మాడ్యూలు 5. పీడనకోణం 20 డిగ్రీలు. ముఖవెడల్పు 50 మిల్లీమీటర్లు. లోహం సి45 ఉక్కు. మాడ్యూలంటే పిచ్ వృత్తపు వ్యాసాన్ని పళ్ళ సంఖ్యతో భాగించగా వచ్చే మిల్లీమీటర్లు. పన్ను ఎంత లావో అది చెబుతుంది. కలిసి తిరిగే రెండు చక్రాలకు మాడ్యూలు, పీడనకోణం ఒకటే కావాలి. 20 డిగ్రీల కోణానికి పళ్ళు 17కు తగ్గితే పన్ను మొదలు కోసుకుపోయి బలహీనపడుతుంది. ఇతనికి 20 ఉన్నవి. అంతవరకు నిర్దుష్టమే.

"మరి పంటి మీది బలమెంత?" అన్నాను. అతను లెక్క చెప్పాడు. 9550ని కిలోవాట్లతో గుణించి చుట్లతో భాగిస్తే తిప్పుబలం సుమారు 438 న్యూటన్-మీటర్లు. పినియను వ్యాసం 100 మిల్లీమీటర్లు గనుక పంటి మీద పడేది సుమారు 8,750 న్యూటన్లు, అంటే దాదాపు 890 కిలోల బరువు. విల్‌ఫ్రెడ్ లూయిస్ 1892లో పన్నును గోడనుండి పొడుచుకువచ్చిన దూలంగా భావించి ఇచ్చిన సూత్రంలో వేస్తే, పంటి మొదట వంపు ఒత్తిడి సుమారు 109 మెగాపాస్కళ్ళు. సి45 ఉక్కు 200 దాకా ఓర్చుకోగలదు.

"సగానికి సగం మిగులు ఉన్నది మామయ్యా" అన్నాడు తృప్తిగా.

"ఇది ఎండరోజు లెక్క అబ్బాయ్. నీ ఎలివేటరుకు వానరోజు ఏది?"

అతను ఒక క్షణం ఆలోచించి, "కరెంటు పోయి, తొట్లు నిండి ఉండగా, అడుగున గోతిలో ధాన్యం పేరుకుపోయి, మళ్ళీ స్టార్టు చేసినప్పుడు" అన్నాడు. అటువంటప్పుడు ఇండక్షన్ మోటారు తన మామూలు బలానికి రెండు రెండున్నర రెట్లు చూపుతుంది. 109ని రెండున్నరతో గుణిస్తే 273. మిగులు పోయి తరుగు వచ్చినది. మాడ్యూలు 6 వేసి, ముఖవెడల్పు 60 చేసి అక్కడికక్కడే మళ్ళీ లెక్క కట్టించాను. ఒత్తిడి 63కు దిగినది. చెడ్డరోజున కూడ 158 మాత్రమే. పళ్ళ సంఖ్య మార్చక, ముఖవెడల్పును కూడ అదే పాళ్ళలో పెంచితే, ఒత్తిడి మాడ్యూలు ఘనానికి విలోమంగా తగ్గుతుంది. మాడ్యూలు 5 నుండి 6కు పోతే నూరు ఉన్నచోట యాభై ఎనిమిది అవుతుంది. ఖరీదులో వచ్చే తేడాకు ఇంతటి లాభం మరెక్కడా దొరకదు.

బండి మళ్ళీ కదిలినది. ఎడమవైపు లోయ, దాని అడుగున తీగవలె ఏరు. కుడివైపు చేతికందే దూరంలో తడిసిన నల్లరాయి. నేను గరగర వింటూ మరొక మాట చెప్పాను. ఈ 19 కిలోమీటర్లలో ర్యాక్‌లోని ఒక్కొక్క పన్నును ఒక్కొక్క పినియను ఒక్కసారి మాత్రమే తాకి పోతుంది. పినియనులోని పన్ను ఈ ఒక్క ఎక్కుడులోనే వేలసార్లు బరువు మోస్తుంది. ఏ జతలోనైనా చిన్నచక్రం గతి ఇదే. అందువలన పినియను కాఠిన్యాన్ని పెద్దచక్రం కంటె 20 నుండి 40 బ్రినెల్ ఎక్కువగా ఉంచటం మంచి ఆచారం. 20కి 60 అని కాక 61 పళ్ళు వేస్తే, ప్రతిసారీ అవే పళ్ళు కలవకుండా అన్నీ అన్నింటితో కలుస్తవి, అరుగుదల సమంగా సర్దుకొంటుంది. నూలుమిల్లులో నిష్పత్తి కదలరాదు గనుక ఈ వెసులుబాటు లేదు. ధాన్యం తోడే యంత్రానికి నిమిషానికి 40 చుట్లు బదులు 39 వస్తే నష్టం లేదు.

కాఠిన్యాన్ని గురించి నేను ఇంతగా చెప్పటానికి కారణమున్నది. చాలా ఏండ్ల క్రితం ఒక కర్మాగారంలో హాయిస్టుకు కొత్త పినియను తెప్పించారు. దాని పేరు ఇక్కడ అనవసరం. పళ్ళు, మాడ్యూలు, బోరు, కీవే అన్నీ పాతదానితో సరిపోయినవి. కొనుగోలు పత్రంలో హీట్ ట్రీట్‌మెంటు మాట మాత్రం రాలేదు. పినియను చక్కగా కూర్చున్నది, చప్పుడు లేకుండా తిరిగినది. కొన్ని వారాలకే పళ్ళు అరిగి కత్తి అంచులయినవి. ఒక రాత్రి షిఫ్టులో బరువు గాలిలో ఉండగా పళ్ళు వరుసగా ఊడిపోయినవి. కింద నిలబడిన ఖలాసీకి రెండడుగుల దూరంలో బరువు నేలకు దిగినది. నేను ఆ మరునాడు విరిగిన పళ్ళను చేతపట్టి చూశాను. పరిమాణంలో లోపమేమీ లేదు. కాగితం మీద కొలతలున్నవి, గుణం లేదు.

ఉక్కు ఎంపికలో గుర్తుంచుకోవలసినది ఇదే. తేలిక పనికి, తక్కువ వేగానికి సి45 చాలును. అంతకు మించిన బరువుకు, కుదుపులకు ఈఎన్19, ఈఎన్24 వంటి మిశ్రమ ఉక్కులను గట్టిపరచి వాడతారు. పైతోలు రాయివలె గట్టిగా, లోపలి కండ మెత్తగా ఉండవలెనంటే 20ఎంఎన్‌సీఆర్5, ఈఎన్353 వంటివాటిని కేస్ హార్డెనింగ్ చేయిస్తారు. వాటి ఉపరితల కాఠిన్యం రాక్‌వెల్ సి కొలమానంలో 58 నుండి 62 దాకా ఉంటుంది. గట్టితోలు గుంటలు పడకుండా కాపాడుతుంది, మెత్తని కండ కుదుపుకు విరగకుండా కాపాడుతుంది. ఏది ఎంచుకొన్నా, కాఠిన్యం అంకెతో సహా ఆర్డరులో వ్రాయాలి. వచ్చిన సరుకును కొలిచి తీసుకోవాలి.

రన్నీమీడ్ దాటాము. చలి తగిలినది. శ్రీమతి శాలువ కప్పుకొని, ఇంతసేపు మా మాటలు విన్నదేమో, ఒక ప్రశ్న వేసినది. "అన్ని లెక్కలూ సరే. అయినా పన్ను విరిగితే?"

ఇంజనీర్లమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకొన్నాము. ఈ దారి కట్టినవారు ఆ ప్రశ్న వేసుకొన్నారు గనుకనే ఇంజిను కిందివైపున ఉన్నది. ప్రతి పెట్టెకు బ్రేక్స్‌మన్ ఉన్నాడు. ఇక మేనల్లుని ఎలివేటరు మాటకు వస్తే, నిండిన తొట్లు వెనుకకు తిరగకుండా ఆపే బ్యాక్‌స్టాప్‌ను అతను గేర్‌బాక్సు లోపలి షాఫ్టుకు పెట్టాడు. చిన్నది, చవక. కాని పన్ను విరిగితే గేర్‌బాక్సుకు, పైషాఫ్టుకు సంబంధమే తెగిపోతుంది. బ్యాక్‌స్టాప్ చక్కగా పట్టుకొనే ఉంటుంది, తొట్లు మాత్రం వెనుకకు పరుగెత్తుతవి. అడుగున గోతిలో ధాన్యం ఎత్తుతున్న మనిషి ఉంటే? అతను కాగితం మీద ఆ గుర్తును కొట్టివేసి, పైషాఫ్టు చివర మళ్ళీ గీశాడు. అక్కడ తిప్పుబలం ఎక్కువ గనుక బ్యాక్‌స్టాప్ పెద్దది కావాలి, ఖరీదూ పెరుగుతుంది. "మా యజమాని ఒప్పుకోవాలి మామయ్యా" అన్నాడు. "అత్తయ్య అడిగిన ప్రశ్నే ఆయనను అడుగు" అన్నాను.

కూనూరులో పళ్ళకడ్డీ ముగుస్తుంది. ఆవిరి ఇంజిను విడిపోయి డీజిల్ ఇంజిను తగిలినది. ఇక్కడి నుండి వాలు సుమారు సగానికి తగ్గుతుంది, మామూలు చక్రాల పట్టు చాలును. వెల్లింగ్టన్ సైనిక కేంద్రం, అరువంకాడు కార్డైట్ కర్మాగారం, కేత్తి లోయలోని మెట్ల పొలాలు, లవ్‌డేల్ యూకలిప్టస్ తోపులు ఒకదాని వెంట ఒకటి వచ్చినవి. అరువంకాడు కర్మాగారం 2021 నుండి మ్యునిషన్స్ ఇండియా లిమిటెడ్ అనే ప్రభుత్వరంగ సంస్థ కిందకు వచ్చినది. మధ్యాహ్నానికి ఉదకమండలం చేరాము. 46 కిలోమీటర్లకు దాదాపు ఐదు గంటలు. అంత నెమ్మదిగా పోయిన ప్రయాణం నాకు సుదీర్ఘంగా తోచలేదు.

మేనల్లుని యజమాని వెంటనే ఒప్పుకోలేదట. మాడ్యూలు 6కు, 61 పళ్ళకు అభ్యంతరం చెప్పలేదు గాని, బ్యాక్‌స్టాప్ దగ్గర పేచీ పెట్టారట. గోతిలో దిగే మనిషి మాట వచ్చిన తరువాత సంతకం చేశారట. 2023 జూన్‌లో ఆ యంత్రం ఒక మిల్లులో నడక ప్రారంభించినది.

మన సహోద్యోగులలో గేర్లు కొనేవారు, బిగించేవారు, వాటి కింద పనిచేసేవారు ఎందరో ఉన్నారు. ఈసారి ఎల్.టి.సి. మీద నీలగిరులకు వెళ్ళే మిత్రులకు నా మనవి ఒక్కటే. కూనూరు స్టేషనులో టీ తాగే ఐదు నిమిషాలలో ప్లాట్‌ఫారం దిగువ చివరకు నడిచి, పట్టాల నడుమ నిలబడిన ఆ జంట కడ్డీలను చూడండి. పిల్లలకు చూపించండి. తిరిగివచ్చిన తరువాత గేరు ఎంపిక కాగితం మీ బల్ల మీదికి వచ్చినప్పుడు మూడు ప్రశ్నలు వేయండి. ఇది తిప్పటానికా, మోయటానికా? దీనికి అన్నిటికంటె చెడ్డరోజు ఏది? పన్ను విరిగిననాడు బరువును ఎవరు పట్టుకొంటారు? మూడింటికీ జవాబు దొరికిన తరువాత కేటలాగు తెరవండి.